పదకొండో నంబరు సవతి

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి, "లాగవుట్" అని గట్టిగా చెప్పిగాని ఇల్లు కదిలేవారు కాదు. లోపలి నుంచి ఇల్లాలు "సరే" అనాలి. అనకపోతే చెప్పులు విప్పి లోపలికొచ్చి, మళ్ళీ మొదటి నుంచీ బయల్దేరేవారు. ఆయన పోయి మూడు నెలలైంది. ఇప్పుడూ ఎనిమిదిన్నర అవుతూనే ఉంది. ఆ మాట అనే మనిషే లేరు. ఆమె మాత్రం ఒక్కోరోజు అలవాటు కొద్దీ "సరే" అనేసి నాలుక కరుచుకుంటుంది.

యూనివర్సిటీలో విద్యార్థులందరూ వాడుకునే కంప్యూటర్ల గదికి ఆయన ఇన్‌ఛార్జి. ఆ గది గోడ మీద పధ్నాలుగు రూళ్ళు రాసి ఉంటాయి. మనిషికి ఒక్క గంట. లోపల తిండి కూడదు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదు. లేచేటప్పుడు లాగవుట్ చేయాలి. ఇలాంటివి. ఆయన పిచ్చి ఒక్కటే: లోకంలో ఏ పనైనా ఆ పధ్నాలుగింటిలో ఒకదాని కిందికి వచ్చి తీరుతుందని. పిల్లలు ఆయనకు రూళ్ళకర్ర అని పేరు పెట్టారు. అది తెలిసి ఆయన, "మంచిదేగా, వంకర లేనిది" అని మురిసిపోయారు.

రూళ్ళు ఇంటికీ వచ్చాయి. ఆమె టీవీ ముందు గంటసేపు కూర్చుందో లేదో, గడియారం చూపించేవారు.

"టైమైంది. లే."

"వరసలో ఎవరున్నారని?"

"నేనున్నాను."

"మీరు టీవీ చూడరుగా!"

"చూడకపోయినా వరస వరసే."

ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్తూ, అంకెల తాళం పెట్టె కొన్నారు. ఆ అంకెలేవో తనకూ చెప్పమంది ఆమె. "మూడో రూలు. కట్టుకున్నదానికైనా సరే, చెప్పకూడదు" అన్నారు. తీరా అక్కడ దిగాక ఆయనే మర్చిపోయారు. పెళ్ళంతా ఆమె ఆడపడుచు పాత చీరతో, ఆయన ఎవరిదో చీలమండ దాకా రాని ప్యాంటుతో గడిపారు. ఫొటోల్లో మాత్రం ఆయనే అందరికన్నా హాయిగా నవ్వుతున్నారు. రూలు తప్పలేదుగా మరి!

ఇవన్నీ ఆమె భరించింది. భరించలేనిది ఒక్కటే, పదకొండో నంబరు.

ఆ గదిలో ఉన్న ఇరవై కంప్యూటర్లలో కిటికీ పక్కది అది. ఆరేళ్ళుగా చెడిపోయే ఉంది. దానికోసం ఆయన రోజూ రెండు గంటలు ఆలస్యంగా ఇల్లు చేరేవారు.

"ఇంతసేపేమిటండీ?"

"పదకొండుకి బాగాలేదు."

"నాకూ నిన్నట్నుంచి జ్వరం. అడిగారా?"

"అయ్యో, లాగవుట్ చేసి పడుకో."

దానికి తోడు, ఆ గది ఊడ్చే మనిషి ఒకసారి దారిలో కనబడి నిప్పు రాజేసి పోయింది. "సారు రాగానే జేబురుమాలు తీసి ముందు పదకొండునే తుడుస్తారమ్మా. పసిపిల్ల మొహం తుడిచినట్టు!" ఆ రుమాలు ఉతికేదెవరు? ఆరోజు నుంచి రుమాళ్ళకు రాతి మీద నాలుగు దెబ్బలు ఎక్కువే పడ్డాయి.

అంతటితో అయిందా? నెలకోసారి ఒక అట్టముక్క తెచ్చేవారు. "ఏమోయ్, 'మరమ్మతులో ఉంది, ముట్టుకోరాదు' అని రాసిపెట్టు. ఎండకి పాతది వెలిసిపోయింది."

"అన్ని మిషన్లు పెట్టుకుని నా చేత రాయించడమేమిటి?"

"ప్రింటరు చదువు పనులకే. తొమ్మిదో రూలు."

ఆమె చదివింది ఐదో తరగతే అయినా అక్షరాలు ముత్యాలు. సవతికి పేరుపలక రాస్తున్నట్టు పళ్ళు నూరుకుంటూ రాసేది. 'ముట్టుకోరాదు' దగ్గర మాత్రం కలం ఇంకాస్త నొక్కేది.

నిన్న కొత్త ఇన్‌ఛార్జి కబురు పెడితే, ఆయన సామాను తెచ్చుకోడానికి వెళ్ళింది. గొడుగు, టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "అమ్మా, ఆ పదకొండు మీది అట్ట కూడా పీకేసి తీసుకెళ్ళండి. రేపట్నుంచి దాన్నీ గంట వరసలో పెట్టేస్తాను. దానికేం జబ్బు లేదు" అన్నాడతను.

"లేదా?"

"నిక్షేపంలా ఉంది."

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. ఆరేళ్ళు! సరాసరి వెళ్ళి, తెర పైఅంచుకు అంటించిన అట్ట మూలకు గోరు పెట్టింది. సవతిని సొంతచేత్తో గెంటే అదృష్టం ఎంతమందికి పడుతుంది!

"లాగకండమ్మా!" దాని ముందు కూర్చున్న పిల్ల గొంతు తగ్గించి బతిమాలింది. "అది తీసేస్తే నా చదువు ఆగిపోతుంది. ఇంట్లో నాకు కంప్యూటర్ లేదు. గంటలో పని తెమలదు. ఇంకో గంట ఇమ్మంటే పాత సారు గోడ చూపించారు. తర్వాత మెల్లగా, 'రూలు నడిచేవాటికే. ఇది మరమ్మతులో ఉంది. నడుస్తుందో లేదో కాస్త పరీక్షించి చెప్పు' అన్నారు. రెండేళ్ళుగా పరీక్షిస్తున్నానమ్మా."

"నువ్వొక్కదానివేనా?"

"ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ళం తొమ్మిదిమందిమి. సాయంత్రం గది మూసేశాక కూడా సారు మాకోసం కూర్చునేవారు." ఆ పిల్ల పక్కనున్న మరమ్మతుల పుస్తకం తెరిచింది. ఆయన రాతే. 'నలభై పేజీలు టైపు చేయించినా ఆగలేదు. అనుమానంగా ఉంది. రేపు మళ్ళీ పరీక్షించాలి.'

ఆమెకు నవ్వొచ్చింది గాని, మంట పూర్తిగా చల్లారలేదు. "అదంతా బాగానే ఉంది. పొద్దున్నే దాని మొహం తుడవడం ఎందుకట?"

"కంప్యూటర్ని మేమే తుడుచుకుంటామమ్మా. సారు తుడిచేది ఈ అట్టని. వేలు పెట్టనిచ్చేవారు కాదు. 'జాగ్రత్త, మా ఇంటావిడ అక్షరాలు' అనేవారు."

ఆమె అట్ట మూల నుంచి గోరు తీసేసింది. ఆరేళ్ళూ తన మీద తనే అసూయపడిందన్నమాట! పోనీ ఇప్పుడైనా ఆ అసూయ పోయిందా అంటే, లేదు. ఇంట్లో ఒక్కనాడు మెచ్చుకోని నోరు ఇక్కడ తొమ్మిదిమంది దగ్గర మెచ్చుకుందా!

"వచ్చిందా అమ్మా?" కొత్త ఇన్‌ఛార్జి అటునుంచి కేకేశాడు.

లేచిన మూలను ఆమె బొటనవేలితో గట్టిగా అదిమింది. "రావడం లేదు బాబూ. మొండి జిగురు."

"ఉండండి, నేను లాగుతా."

"నువ్వు ముట్టుకోకు. చదువుకున్నవాడివి, దాని మీదేం రాసుందో కనబడటం లేదూ?"

అతను అట్ట చూశాడు, ఆ పిల్లని చూశాడు, బుర్ర గోక్కున్నాడు. "అయితే ఇంకా మరమ్మతులోనే ఉందంటారా?"

"దాని జబ్బు లోపలెక్కడో ఉంది నాయనా. మా ఆయనకే అంతుపట్టలేదు, నీకేం తెలుస్తుంది? పిల్లల్ని ఇంకొన్నాళ్ళు పరీక్షించనీ."

గొడుగు చంకలో పెట్టుకుని, అట్టను అక్కడే వదిలేసి, గుమ్మం దాకా వచ్చి వెనక్కి చూసింది. 'ముట్టుకోరాదు' కాస్త వెలిసినట్టే ఉంది. వచ్చే నెల కొత్తది రాయాలి. ఈసారి కలం ఇంకొంచెం నొక్కాలి.