బూన్‌డాగుల్ అల్లిన మధ్యాహ్నం

ఏలూరు ఆసుపత్రి వరండాలో వానకు తడిసిన చెప్పుల తోలు వాసన వేసింది. లోపల మా అమ్మాయికి ఆపరేషను. నా వేళ్లు వాటంతటవే కదలసాగాయి. కరీం మాస్టారు గుర్తొచ్చారు.

పందొమ్మిదివందల ముప్పైల చివర్లో నేను ఏలూరు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి, ఆయన డ్రిల్లు మాస్టారు. స్కౌటు పిల్లల చేత సన్నని తోలు పట్టీలతో మెడలో ఈల వేసుకునే తాళ్లు అల్లించేవారు. ఆ అల్లిక పేరు బూన్‌డాగుల్. ఎవరో స్కౌటు మాస్టరు సరదాకి పుట్టించిన మాటని ఆయన నమ్మకం. ఖాయంగా ఎవరికీ తెలియదు. అమెరికాలో పనిలేనివాళ్లకు సర్కారు ఖర్చుతో ఈ అల్లికలు నేర్పిస్తున్నారని పత్రికలు ఎగతాళి చేశాయట. అప్పటినుంచి ఆ మాటకు కాలం వృథా చేసే పని అనే అర్థం స్థిరపడింది. నేనది చదివి వినిపించి, “మీ విద్య పరువు పోయిందండీ మాస్టారూ” అన్నాను. “పోనివ్వండి, ముడి గట్టిగానే ఉందిగా!” అని నవ్వారు.

ఆ ఏడే కొల్లేటి లంకలో, పుట్టింట్లో, నా భార్యకు నొప్పులు మొదలయ్యాయనీ, కాన్పు కష్టంగా ఉందనీ కబురొచ్చింది. మాస్టారు తోడొచ్చారు. ఆకివీడు దాటి సరస్సు గట్టు చేరేసరికి ఈదురుగాలి.

“గాలి తగ్గితేగానీ పడవ కదలదండీ,” అన్నాడు పడవవాడు. బతిమాలాను, తిట్టాను, కాలుగాలిన పిల్లిలా గట్టంతా తిరిగాను. ఈదుకుంటూ పోదామని చొక్కా కూడా విప్పాను. మాస్టారు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, నాలుగు తోలు పట్టీలు చేతిలో పెట్టారు.

“ఇప్పుడు ఈ వృథా పనేమిటండీ!” అని అరిచాను.

“పనికొచ్చే పని ఏదీ మన చేతిలో లేదండీ. పనికిరానిదైనా చేద్దాం. ఎడమ పట్టీ పైకి తీసుకోండి.”

కోపంతోనే అల్లాను. తప్పు పడినచోట ఆయన విప్పేవారు, నేను మళ్లీ అల్లేవాణ్ణి. భయం పోలేదు, కానీ కూర్చోగలిగాను. పొద్దువాలేవేళకు గాలి పడిపోయింది. లంక నుంచి మొదటి పడవలో మా బావమరిది వచ్చాడు. “ఆడపిల్లండీ బావగారూ, ఇద్దరూ క్షేమం,” అనగానే మాస్టారి భుజం మీద తలపెట్టి ఏడ్చేశాను.

ఆ పిల్లే ఇప్పుడు లోపలుంది. దాని కొడుకు వరండాలో అటూఇటూ తిరుగుతున్నాడు. మందుల పొట్లాలకు కట్టిన పురికొసలు విప్పి అల్లుతున్నాను. వాడు విసుగ్గా ఆగాడు.

“ఏం చేస్తున్నారు తాతయ్యా?”

“కాలం వృథా చేస్తున్నాన్రా. ఇలా కూర్చో,” అని రెండు కొసలు వాడి చేతిలో పెట్టాను. వాడు నా పక్కన కూలబడ్డాడు.

“ఎడమది పైకి తీసుకో,” అన్నాను.