రాయి దాటిన తర్వాత కాలువ

బిజినేపల్లి అవతల మాకు మిగిలింది నాలుగెకరాలు. ఒకప్పుడు ఎంత ఉండేదో నేను చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్లు నమ్మరు. ఆ యాసంగిలో వేరుశనగ వేశాను. పూత రాలాక మొక్క నుంచి ఊడలు భూమిలోకి దిగేటప్పుడు నీళ్లు అందకపోతే కాయ పట్టదు. మా వంతు మంగళవారం, పొద్దు పొడిచినప్పటి నుంచి నడినెత్తికి వచ్చేదాకా. రెండు వంతులు గడిచినా చివరి సాళ్లు తడవలేదు.

ఎవరో నా నీళ్లు మళ్లిస్తున్నారని నిశ్చయించుకున్నాను.

పెద్ద కాలువ నుంచి మా పిల్లకాలువలోకి నీళ్లు వదిలే తలుపు ఒకామె చేతిలో ఉంది. ఆమె తండ్రి ఊరి నీరటి. చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూసేవాడు. మా నాన్న చెయ్యి ఊపితే ఆ తూము తెరుచుకునేది. ఇప్పుడు రైతులంతా కూర్చుని ఆమెకు ఆ పని అప్పగించారు. వంతులు ఫోన్‌లో వస్తాయి. ఆ సమావేశానికి నాకూ కబురు వచ్చింది. నేను వెళ్లలేదు.

మూడో మంగళవారం పొద్దు పొడవకముందే వెళ్లి తంగేడు పొదల పక్కన నిలబడ్డాను, చేతిలో తాతగారి గడియారంతో. ఆమె సరిగ్గా సమయానికే తలుపు ఎత్తింది. అదీ నాకు అనుమానంగానే తోచింది. నేనక్కడ ఉన్నానని ఎవరో చెప్పి ఉంటారు. పైవాళ్ల చేల మీదుగా గట్టు వెంట నడిచాను. పైపు కనబడితే ఆగాను. పక్క చేనులో తడి కనబడితే వంగి చూశాను. పలకరించినవాడు ఎందుకు పలకరించాడా అనుకున్నాను, పలకరించనివాడు ఎందుకు ఊరుకున్నాడా అనుకున్నాను.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. చివరి సాళ్లు మళ్లీ పొడిగానే ఉన్నాయి. తలుపు దగ్గర నలుగురున్నారు. వాళ్ల ముందే ఆమెను అడిగాను: "నా నీళ్లు ఎవరికి పోతున్నాయి?"

పార కామ మీద గడ్డం ఆనించుకున్న ముసలి రైతు నవ్వాడు. "పటేలు గడియారం తెచ్చిండు. పార తెచ్చిండా, అడుగుండ్రి."

ఆమె నవ్వలేదు. "జర ఇట్ల రా పటేలా," అని ముందు నడిచింది.

సున్నం పూసిన ఒక రాయి దగ్గర ఆగింది. అంతదాకా కాలువ ఊడ్చిన వాకిలిలా ఉంది. రాయి దాటాక నలభై అడుగుల మేర ఒండ్రు, తుంగ. తెగిన గట్టులోంచి నా నీళ్లు బీడులోకి పారుతున్నాయి. అక్కడి బురదలో రెండు బర్రెలు హాయిగా పడుకున్నాయి.

"గీ రాయి కాడికెంచి నీదే. ఎవల చేను పక్కది వాళ్లే తీసుకోవాలె. ముందుగల్ల మీది మా నాయన తీస్తుండె. నేను తియ్య. నాకు గూడ రెండెకరాలుంది, నా కాలువ నాకే సాలు."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీటింగుకు రాకపోతివి. ఫోన్ల పెడితె సూడకపోతివి. ఇంటికొచ్చి కాలువ తీయమంటె గుస్సా గాకుంటవా?"

గడియారం జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను, రాయిని ఎవరైనా జరిపారేమో చూద్దామని. మా చేను హద్దులో పాతిన సర్వే రాయి నుంచి దాని దాకా రెండుసార్లు అడుగులు కొలిచాను. జరపలేదు. ఇంటికొచ్చి వెతికితే పార లేదు. మా ఇంట్లో పార లేదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. బిజినేపల్లిలో కొంటుంటే, "కూలోళ్లకా సార్?" అన్నాడు దుకాణం అతను. "నాకే," అన్నాను.

నలభై అడుగులు తీయడానికి మూడు రోజులు పట్టింది. ఊరు బాగుపడింది పెద్ద కాలువ వచ్చినందుకేనని అన్నాళ్లూ అనుకున్నాను. ఎవరి ముక్క వాళ్లు తీసుకోకపోతే ఆ కాలువ ఏ చేనుకూ చేరదని నడుము పట్టేసినప్పుడు తట్టింది.

తర్వాతి మంగళవారం నడినెత్తికి ముందే నీళ్లు చివరి సాలుకు చేరాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. ఎవరి పనిలో వాళ్లున్నారు. చివరి సాలులో ఒక మొక్క పీకాను. ఊడలు నేల అందుకోకుండానే ఎండి నల్లబడ్డాయి. పక్కదీ అంతే. ఆ సాళ్లకు నీళ్లు మూడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఆ మూడు వారాలూ నేను ఇతరుల చేలకేసి చూస్తూ గడిపాను.