ఐదు సెంటీమీటర్ల తిరుగుబాటు

ఇరవై రెండేళ్ళ వయసులో నేను చెప్పిందల్లా నాకు ఒప్పే. తప్పని తేలేవరకూ ఒప్పు, తేలాక కూడా ఇంకో అరగంట ఒప్పు. ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో (ఊరి పేరు ఇప్పుడు మారింది, మా నోళ్ళు ఇంకా మారలేదు) మా బ్యాచిలో మెకానికల్ డిప్లొమా చేసిన అమ్మాయిలం ఇద్దరమే. రెండో అమ్మాయికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. నాకు మా చిన్నాన్న గ్యారేజీ వచ్చింది. గరాచర్మలో కొత్తగా లేస్తున్న ఇళ్ళ మధ్య, రేకుల కప్పు కింద, ఎప్పుడూ నాలుగు కార్లూ ఒక జీపూ పట్టే చోటు అది. చిన్నాన్నని ఊరంతా ఉస్తాద్ అనేవారు. ఆయన చదువు ఎనిమిదో తరగతి, చేతికి మాత్రం ఇంజన్లు మాట్లాడేవి. నేను డిప్లొమా కాగితాన్ని ఫ్రేము కట్టించి గ్యారేజీలో తగిలించబోతే, ‘అక్కడొద్దే, అక్కడ ఫ్యాన్ బెల్టులు తగిలిస్తాం’ అన్నాడు. నా ఉద్యోగ జీవితం అలా మొదలైంది.

కారు పిచ్చి మాకు అంటించింది మాస్టారు. బాంబూఫ్లాట్ ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేవారు, నాకూ చెప్పారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన దగ్గర ఒక మామూలు చిన్న కారు ఉండేది. ఇండియాలో ప్రతి రెండో వీధిలో కనిపించే కుటుంబం కారు, వెనక సీటులో పిల్లలూ డిక్కీలో బియ్యం బస్తా పట్టేది. ఆ కారుని మాస్టారు హోప్ టౌన్ దగ్గర మూతబడ్డ రాళ్ళ క్వారీ దారిలో ఆదివారాలు తోలేవారు. మొదటిసారి పక్కన కూర్చున్నప్పుడు నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన మాత్రం బోర్డు మీద సమీకరణం సాధిస్తున్నంత నెమ్మదిగా, ‘ఇక్కడ బ్రేకు అక్కర్లేదమ్మా, మట్టే ఆపుతుంది’ అంటూ మలుపులో కారుని అడ్డంగా జార్చారు. దిగాక కళ్ళద్దాలు తుడుచుకుని, దారి పక్కన నిలబడి చూస్తున్న చిన్నాన్నతో, ‘నేషనల్ కార్ల ర్యాలీకి వెళ్దామనుంది ఉస్తాద్’ అన్నారు. చిన్నాన్న బీడీ పారేసి, ‘చలో మాస్టారూ, ఎల్లిపోదాం’ అన్నాడు. అంతే. ఎవరూ ఇంకేం ఆలోచించలేదు.

కారు తయారు చేయడం తేలికేమీ కాలేదు. మొదటి ఆదివారమే రాయి తగిలి ఇంజన్ అడుగు పగిలింది. చిన్నాన్న పడవల యార్డులో మిగిలిన ఇనుప ప్లేటు తెచ్చి అడుగున బిగిస్తే, కారు ఇక గేదెలా కదిలింది. తీసేసి పల్చటి ప్లేటు వేశాం. తర్వాత వెనక షాకబ్సార్బరు బిగించే చోట బాడీ చీలింది. వెల్డింగ్ చేస్తే పక్కన చీలింది. మూడోసారి చీలాక చిన్నాన్న ఒక రోజంతా కారు కింద పడుకుని, ఆ చోటి వంపుని అనుసరించి చిన్న పట్టీ ఒకటి తయారుచేశాడు. నేను దానికి డ్రాయింగ్ గీశాను. ఆ పట్టీ వేశాక నాలుగు నెలలు మళ్ళీ చీలలేదు. ఆదివారం ఆదివారం చాథం దగ్గర వాహనాల ఫెర్రీ ఎక్కడం, అవతల బాంబూఫ్లాట్‌లో దిగి ఏదో ఒకటి విరగ్గొట్టుకోవడం, తాడు కట్టి లాక్కుని రావడం. ఫెర్రీలో టికెట్లు చింపే భయ్యా మమ్మల్ని చూసి, ‘జాతే వక్త్ చలాకే, ఆతే వక్త్ ఖీంచ్‌కే’ అని నవ్వేవాడు. (వెళ్ళేప్పుడు తోలుకుంటూ, వచ్చేప్పుడు లాక్కుంటూ అని. అందులో అబద్ధం లేదు కాబట్టి మాకు ఇంకా మండేది.)

అసలు గోడ మాత్రం కాగితం రూపంలో వచ్చింది. ర్యాలీకి వెళ్ళే కారు షోరూములో దొరికే కారే అయి ఉండాలి. అందులో ఏం మార్చవచ్చో తేల్చాలంటే ముందు అసలు కారు ఎలా ఉందో కంపెనీ కొలిచి, ఫొటోలు తీసి, పెద్ద ఫారం నింపి, సంతకం చేసి ర్యాలీల సమాఖ్యకి ఇవ్వాలి. దాన్ని హోమోలగేషన్ అంటారు. ఆ మాట చిన్నాన్న నోటికి చివరిదాకా పట్టలేదు, ‘హోంగార్డు కాగజ్’ అనేవాడు. మా కారుకి ఆ కాగజ్ లేదు. ఆ కారుతో ఎవరైనా ర్యాలీకి వెళ్తారని కంపెనీకి తట్టనే లేదు. నేను ఉత్తరం రాశాను. ‘ఈ కారు కుటుంబ సౌఖ్యం కోసం రూపొందించబడినది’ అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. రెండో ఉత్తరం రాశాను. అవే రెండు వాక్యాలు వచ్చాయి. మూడోదానికి అవి కూడా రాలేదు.

‘అయితే మనమే కొలిచి పంపుదాం, వాళ్ళు సంతకం పెడితే చాలు’ అన్నాను. చిన్నాన్న చేతిలో స్పానరు కింద పెట్టి, ‘నీకు డిప్లొమా ఎందుకిచ్చారో ఇప్పుడర్థమైందే’ అన్నాడు. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తెలియదు. నెల రోజులు కొలిచాను. ఇంజన్ విప్పి పిస్టన్లూ కనెక్టింగ్ రాడ్లూ తూచాలి, అదీ గ్రాముల్లో. గ్యారేజీలో అంత సన్నటి తూకం లేదు. జంగ్లీఘాట్ చేపల మార్కెట్లో మాకు దూరపు చుట్టం పిన్ని ఒకామె దగ్గర కొత్త ఎలక్ట్రానిక్ కాటా ఉండేది. రొయ్యలు దింపేసి, కాటా కడిగి, నేనిచ్చిన కనెక్టింగ్ రాడ్ దాని మీద పెట్టి ఆమె అంది: ‘ఇదేం చేపే, ముల్లు తప్ప మాంసమే నేదు.’ నాలుగూ తూచింది, బరువులు పుస్తకంలో రాసుకున్నాను. అవన్నీ సరిగ్గానే వచ్చాయి. పొడవులు కొలిచేటప్పుడే కథ మారింది. సొట్టలు తీసే డెంటింగ్ భయ్యా టేపు ఆ చివర పట్టుకునేవాడు, ఈ చివర నేను చదివి రాసుకునేదాన్ని. చక్రానికీ చక్రానికీ మధ్య దూరం, మొత్తం పొడవు, వెడల్పు, అన్నీ కంపెనీ బ్రోచర్లో ఉన్నదానికంటే సరిగ్గా ఐదు సెంటీమీటర్లు ఎక్కువ.

ఇక్కడ మామూలు మనిషికి ఒక అనుమానం రావాలి. నాకు రాలేదు. నాకు ఆనందం వచ్చింది. ఇంత పెద్ద కంపెనీ తన కారు పొడవు తనకే తెలియకుండా అమ్ముతోందని తెలుసుకున్నదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఎవరికీ చూపించకుండా నాలుగో ఉత్తరం రాశాను. మీ బ్రోచర్లో కొలతలన్నీ తప్పు, నా దగ్గర రుజువులున్నాయి, కొన్నవాళ్ళకి మీరేం సమాధానం చెబుతారు, అని ముగించాను. మూడు ఉత్తరాలకి కదలని కంపెనీ నుంచి పది రోజుల్లో ఫోను వచ్చింది. వాళ్ళ ఇంజనీరు ఒకాయన విమానంలో వస్తున్నాడు, కొలతలు ఎదురుగా చూస్తాడు. గ్యారేజీలో పండగ చేసుకున్నాం. నేను ఏం రాశానో తెలియని మాస్టారు, ‘చూశావా, ఓపికగా రాస్తే ఎవరైనా వింటారు’ అన్నారు.

వచ్చినాయన చెన్నై వైపు మనిషి, తల్లి నెల్లూరుది కాబట్టి తెలుగు వచ్చు. మేం వెనకాల సంతకం సారు అని పేరు పెట్టుకున్నాం. కుర్చీ వేసినా కూర్చోలేదు, కొబ్బరి బొండాం ఇచ్చినా తాగలేదు. తోలు సంచీలోంచి సొంత టేపు తీసి, రెండు చక్రాల మధ్య కొలిచి, నా వైపు తిరిగి, ‘బ్రోచర్ కరెక్టే’ అన్నాడు.

‘మీ టేపు తప్పేమో’ అన్నాను నేను.

చిన్నాన్న దగ్గాడు. మాస్టారు కళ్ళద్దాలు తీశారు. సంతకం సారు కోపగించుకోకుండా, ‘మీ టేపు తెండి’ అన్నాడు. తెచ్చి రెండూ పక్కపక్కన పరిచాడు. మా టేపుకి మొదట సున్నా లేదు, ఐదుతో మొదలవుతోంది. నేను నోరు తెరిచేలోగా డెంటింగ్ భయ్యా సాయం చేయబోయాడు: ‘అరే దీదీ, ఓ తో పురానా హై. తుప్పు పడితే ఉస్తాదే కొస కాట్ దియా, కోసేశాడు. ఐదు తీసేసి లెక్క పెట్టుకోవాలి. ఆప్‌కో మాలూమ్ నహీఁ థా?’ నాకు తప్ప గ్యారేజీలో అందరికీ తెలుసు. నాకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

‘ఈ లెటర్ పట్టుకుని మా లీగల్ డిపార్ట్‌మెంట్ వారం రోజులు నిద్ర పోలేదమ్మా’ అన్నాడు సంతకం సారు, నా నాలుగో ఉత్తరం విప్పి. అప్పుడు చిన్నాన్నా మాస్టారూ దాన్ని మొదటిసారి చదివారు. చదువుతున్నంతసేపూ నేను నేల మీద రాలిన బోల్టులు లెక్కపెట్టాను. సారు సంచీ సర్దుకుంటున్నాడు. అది భుజాన వేసుకున్నాడంటే ఇన్ని నెలల పని, మాస్టారి ఆదివారాలు, చిన్నాన్న పట్టీ, అన్నీ అక్కడితో సరి. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు వెనకాలే కోపం కూడా వచ్చింది.

‘తప్పు నాదే సార్’ అన్నాను. ‘కానీ ఒక్క సంగతి చెప్పండి. మూడు ఒప్పు ఉత్తరాలు రాస్తే మీరు రాలేదు. ఒక్క తప్పు ఉత్తరం రాస్తే విమానం ఎక్కారు. మరి మేం ఎలా రాయాలి మీకు?’

మాస్టారు నెమ్మదిగా, ‘సార్, ఫారంలో టేపుతో కొలిచినవి పక్కన పెట్టండి. మిగతావి చూడండి. నా స్టూడెంటు కూడికలు తప్పు చెయ్యదు’ అన్నారు. సంతకం సారు సంచీ కింద పెట్టాడు. ఫారం తీసుకుని బరువులు, సిలిండర్ బోర్లు, వాల్వుల కొలతలు ఒక్కొక్కటే తన కాగితాలతో పోల్చాడు. గంట పట్టింది. చివర్లో, ‘ఈ కనెక్టింగ్ రాడ్ల బరువు గ్రాము తేడా లేదే, ఏ ల్యాబులో తూచారు’ అని అడిగాడు. చిన్నాన్న నాకంటే ముందే, ‘మన్దే సార్, జంగ్లీఘాట్ ల్యాబు’ అన్నాడు. సారు చొక్కా చేతులు మడిచి, ‘నా టేపు పట్టుకోండి’ అన్నాడు. ఆ మధ్యాహ్నం కారుని మొదటినుంచి మళ్ళీ కొలిచాం. బొండాం కూడా తాగాడు.

మర్నాడు పొద్దున్నే సారుని ఫెర్రీ మీద హోప్ టౌన్ తీసుకెళ్ళాం. మాస్టారు ఆయనకి హెల్మెట్ పెట్టి, పరీక్ష హాల్లో పిల్లాడికి చెప్పినట్టు, ‘కంగారు పడకండి, అంతా సిలబస్‌లోదే’ అన్నారు. వాళ్ళు తిరిగొచ్చాక ఆయన దిగి తిన్నగా కారు వెనక్కి వెళ్ళి, బురదలో పడుకుని అడుగున తొంగి చూశాడు. ‘కొండ రోడ్ల నుంచి మాకు ఇక్కడే చీలికల ఫిర్యాదులు వస్తున్నాయి. ఈ పట్టీ ఎవరు చేశారు?’ అన్నాడు. చిన్నాన్న ఏదో తప్పు చేసినవాడిలా చెయ్యెత్తాడు. నేను డ్రాయింగ్ ఇచ్చాను. (ఈసారి ఐదు తీసేసి.) రెండు నెలలకి సంతకమైన ఫారం వచ్చింది. చిన్నాన్న పట్టీ కూడా అందులో అనుమతించిన భాగంగా, నా డ్రాయింగుతోనే ఉంది.

ఓడ మీద కారుని చెన్నైలో దింపి, అక్కడినుంచి కొండల్లో జరిగే ర్యాలీకి వెళ్ళాం. పెద్ద పెద్ద జట్లు లారీలతో వచ్చాయి. మా టూల్‌బాక్స్ బిస్కెట్ల డబ్బా. ‘అండమాన్లో రోడ్లున్నాయా’ అని ఒకాయన అడిగాడు. ‘లేవు, అందుకే వచ్చాం’ అన్నారు మాస్టారు. తనిఖీ అధికారి ఫారం పట్టుకుని కారుని పావుగంట కొలుస్తుంటే నేను ఆయన టేపు మొదట్లో సున్నా ఉందో లేదో చూసుకున్నాను. అన్నీ సరిపోయాయి. మా సైజు కార్ల తరగతిలో బయల్దేరినవి తొమ్మిది కార్లు, చివరిదాకా వచ్చినవి ఐదు, మాది ఐదోది. చిన్నాన్న దీవులకి తిరిగొచ్చాక ‘నేషనల్లో ఫిఫ్త్’ అని అందరికీ చెప్పాడు. ఎన్నింటిలో అని అడిగే తెలివి ఎవరికీ లేకపోవడం మా అదృష్టం.

ఇప్పుడు నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరుని. ఇతరులు పంపిన కొలతలు సరిచూసి, తేడా ఉంటే ‘మళ్ళీ కొలవవలెను’ అని ఎర్ర ఇంకుతో రాయడం నా పని. మొన్న ఒక కుర్ర కాంట్రాక్టరు నా బల్ల ముందు నిలబడి, తన కొలతే ఒప్పనీ నా ఫైలే తప్పనీ పది నిమిషాలు వాదించాడు. గుమాస్తా అతన్ని బయటికి పంపబోయాడు. నేను కూర్చోబెట్టి టీ తెప్పించాను. అతని కొలత తప్పే. కాగితం మీద అది నాకు మొదటి చూపులోనే తెలిసింది. కానీ ఆ పది నిమిషాలూ ఎందుకో ఆపబుద్ధి కాలేదు. నేను అంత గట్టిగా ఎవరితోనైనా వాదించి చాలా ఏళ్ళయింది.