చెరుగు పాతవి

ఫోల్డర్ తెరిచాను. ఏమీ లేదు. కంప్యూటరు మొరాయిస్తోందనుకుని మూసి మళ్లీ తెరిచాను. అదే తెల్లటి ఖాళీ.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. అంచులు, బుటాలు అందరూ గీస్తారు. ఆయన చేయి పడ్డ చెరుగు తీరే వేరు. చీరలో భుజం మీంచి వెనక్కి జారే కొసను మేం చెరుగంటాం, మిగతా లోకం పైట కొంగంటుంది. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ ఆయన గీసిన చెరుగులను నేను కంప్యూటర్లో మళ్లీ గీసి, బొమ్మలు ఉచితంగా పంచుకునే ఒక ఆన్‌లైన్ బృందంలో పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు. ఫైళ్లు అందరం కలిసి సర్దుకుంటాం. గళ్ల కాగితాలు పోయిన వానల్లో ఇల్లు కారి ముద్దయ్యాయి. లాప్‌టాప్‌లో చోటు చాలక, అక్కడ ఉన్నాయి కదా అన్న ధీమాతో నా దగ్గరున్నవి తీసేశాను. నాయనకు ఇప్పుడు చూపు ఆనదు. మళ్లీ గీయలేడు.

ఇలా పంచడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు. ఆ మధ్య పెనుకొండ బంధువుల పెళ్లికార్డు వస్తే, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి అదిరిపడ్డాడు. కార్డు చుట్టూ ఆయన హంసల చెరుగే!

"నా సెరుగు కాగితం మీదికి ఎవుడెక్కిచ్చినాడు? ఊరందరికీ పంచిపెడితివి గదా పాపా! తీసెయ్ అవన్నీ!"

అలిగి నాతో మాటలు మానేశాడు. అయినా నేను తీయలేదు.

మరి ఎవరు తీసినట్టు? బృందంలో ఈమధ్య ఫైళ్లు సర్దుతున్న అతనికి ఫోన్ చేశాను. గోదావరి వైపు మనిషి, మహా మర్యాదస్తుడు.

"నేనేనండీ. మీరే రాశారు కదండీ, 'చెరుగు పాతవి' అని? పాతవి చెరిపేయమన్నారనుకున్నానండీ. చోటు చాలట్లేదని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశానండీ."

నాయన పాత చెరుగుల ఫోల్డర్‌కు నేను పెట్టిన పేరది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంగతి చెప్పాక "అయ్యబాబోయ్" అన్నాడతను.

నాయనకు చెప్పక తప్పలేదు. ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకున్నాను. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

"కోపంలో ఏదో అంటిని పాపా. నిజంగానే చెరిపేస్తివా?"

నేను కాదని ఎంత చెప్పినా తలాడించాడే గానీ, విన్నట్టు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ పెళ్లికార్డు. వెతికి తీశాను. వెనకవైపు అడుగున హిందూపురం ప్రెస్సు పేరుంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైలెక్కాం. పెనుకొండ దాటాక నాయన నావైపు తిరిగాడు.

"ఉంటాయంటావా?"

చెరుగు గీసింది ఈయనేనని చెప్పగానే ప్రెస్సాయన హడలిపోయి కుర్చీలోంచి లేచాడు.

"ఫ్రీ అని రాసుండె అన్నా, దించుకుంటి. తప్పయిందా?"

"ఉంటే తెరిచి సూపియ్యప్పా," అన్నాడు నాయన.

తెరిచాడు. అన్నీ ఉన్నాయి. హంసలు, రుద్రాక్షలు, మామిడి పిందెలు, ఒక్కటీ పోలేదు. 'కార్డు బార్డర్లు' అని పేరు మార్చి పెట్టుకున్నాడు మహానుభావుడు. నాయన తెరకు ముక్కు తగిలేంతగా వంగి, హంస మెడను వేలితో తడిమాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఉన్నట్టుండి ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"ఇవి ఇంకెవురికన్నా ఇచ్చినావా?"

ఆ గొంతుకు ప్రెస్సాయన రెండు చేతులూ అడ్డంగా ఊపేశాడు. "అయ్యో, ల్యాదన్నా! దేవుని మీదొట్టు, ఒక్కరికీ ఇయ్యలేదు!"

నాయన ముఖం పాలిపోయింది. నావైపు చూసి, మళ్లీ అతని వైపు తిరిగాడు.

"ఇయ్యకుంటే ఎట్లప్పా? ఇయ్యి. అడిగినోళ్లకంతా ఇయ్యి."