చెట్లు కోసే ఇంజన్‌తోని ఎగిరిన విమానం

మొన్న శామీర్‌పేట కాడ ఒక ఫంక్షన్ హాల్ల పెండ్లికి పోయినం. బంతిల కూసొని బగారన్నం కలుపుకుంటుంటే నెత్తి మీదికి జుయ్యిమనుకుంట డ్రోను దిగింది, వీడియో తీసెతందుకట. గా గాలికి విస్తర్లు లేస్తుంటే అందరు ఒక చేత్తోని అదుముకొని, మొకాలు పైకెత్తి నవ్వుతున్నరు. నా పక్క కూసున్న మా బావ తల గూడ ఎత్తలే. బొక్క నములుకుంట, "బ్యాటరీది. వాసనే లేదు," అన్నడు, కూరల ఉప్పు లేదన్నట్టు. ఎనభై ఏండ్ల మనిషి. గా ఒక్క మాటకు నా ముక్కుల పెట్రోలు పొగ తిరిగింది. పెరుగన్నం దాక నాలో నేనే నవ్వుకుంటనే ఉన్న.

బావంటే మా అక్క పెనిమిటి. బాలానగర్ల ఒక కార్ఖానల లేత్ మిషిన్ మీద పనిజేసి రిటైరైండు. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, రిమోట్‌తోని చిన్న చిన్న విమానాలు ఎగిరేసుడే పిచ్చి. పల్చటి కట్టెతోని ఆయనే కడుతుండె, రెక్కల మీద రంగు ప్లాస్టిక్ పరిచి అక్క ఇస్త్రీపెట్టెతోని అంటిస్తుండె. ఇస్త్రీ చేసిన చీరలకు ఎర్ర మరకలైతే అక్క వాడకట్టంత వినేటట్టు తిట్టేది. నాది మేడ్చల్ల రోడ్డు పొంటి రిపేరు షాపు. మోపెడ్లు, స్కూటర్లు, అన్నిటికన్న ఎక్కువ ద్రాక్షతోటలల్ల మందు కొట్టే స్ప్రేయర్లు. గప్పట్ల మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాక ఎటు జూసినా ద్రాక్ష పందిర్లే ఉండె. నేను బడి మొకం చూడలే. నలభై దాటినంక అక్షరాలు దిద్దిన, గది గూడ అక్క పోరు పడలేకనే. అందుకే నాకు కాయితం కన్న చెవి మీద నమ్మకం. ఇంజన్ చప్పుడు వింటే చాలు, దాని రోగమేందో చెప్తుంటి. చెప్పినంక ఎవ్వని మాట వినకపోతుంటి, గది వేరే సంగతి.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లయితదేమో, బావ ఎనిమిది ఫీట్ల రెక్కతోని ఒక విమానం మొదలుపెట్టిండు. వసార నిండిపోయింది, అక్క బియ్యం చెరగాలంటే దాని తోక కింద కూసునేది. "గింత పెద్దది ఎందుకు బావా?" అంటే చానా రోజులు చెప్పలే. ఒకనాడు షాపుల ఛాయ్ తాగుకుంట మెల్లగ అన్నడు, "చిన్నయి పైకి పోతే కనవడ్తలేవు బామ్మర్దీ. రెక్క ఏదో, తోక ఏదో తెల్వక పోయిన నెల రెండు కూలగొట్టిన. గీ పెద్దది గూడ కనవడకపోతే ఇగ బంద్ జేస్త." డాక్టరు ఏదో చుక్కల మందు ఇచ్చిండట, కండ్లల్ల శుక్లం ఇంకా ముదరాలె, గప్పుడే ఆపరేషన్ అన్నడట. గప్పుడు నాకు సమజైంది, ఆయన కట్టేది విమానం కాదు, ఆఖరి పరీక్ష.

చిన్న ఇంజన్లు తాగేది వేరే మందు, స్పిరిట్ల ఆముదం కలిపినట్టుంటది, పట్నం పోయి తేవాలె. పెద్దదానికి గది పోస్తే బకెట్లకు బకెట్లు తాగుతది. అందుకే పెట్రోలు ఇంజన్ కావాలె. పట్నంల ఒక దుకాణపాయన విదేశపుది బొమ్మ చూపెట్టి, తెప్పియ్యాలంటే ఆర్నెల్లు అన్నడు. బావ దగ్గర ఒక పాత ఇంగ్లీషు పుస్తకముండె, అండ్ల చెట్లు కోసే మిషిన్ ఇంజన్ పెట్టుకోవచ్చని రాసి ఉందట. నేను పగలబడి నవ్విన. "చెట్లను పండవెట్టేదాన్ని తెచ్చి గాలిలకు లేపుతవా బావా? పుస్తకం చదివి ఇంజన్ కొనుడేంది? నా దగ్గర స్ప్రేయర్ ఇంజన్ ఉంది, పది సాళ్లు కొట్టినా అలుపు లేదు దానికి." ఆయన పుస్తకం మూసి, "ఇంజన్ల సంగతి నీకే తెలుసులే," అన్నడు. గా మంచితనమే నన్ను ఖరాబ్ జేసింది.

స్ప్రేయర్ ఇంజన్ విప్పి, పైన ఉన్న రేకులన్ని పీకేసి, కూరగాయలోల్ల తరాజుల వెట్టి తూచి, బరువు తగ్గించిన. షాపు ముంగట మొద్దుకు బిగించి, కట్టె పంక తొడిగి తిప్పితే మొద్దుతో సహ కదిలింది. దుమ్ము లేసి పక్క హోటల్ పూరీలల్ల పడ్డది. నా ఛాతీ ఉబ్బింది.

ఎండకాలం, శామీర్‌పేట చెరువు శిఖంల నీళ్లు ఇంకి నేల చాపలెక్క అయింది. ట్రాలీ ఆటోల విమానం పెట్టుకొని ముగ్గురం పోయినం. నువ్వెందుకక్కా అంటే, "నా వసార ఖాళీ అయితదో లేదో చూస్త," అన్నది. విమానం ఉరికింది, లేసింది. బావ మొకం పైకెత్తిండు. మంచిగ ఎక్కుకుంట ఎక్కుకుంట పోయి, ఖళ్ ఖళ్ మని రెండు దగ్గులు దగ్గి ఇంజన్ ఆగిపోయింది. ఆయన ఎట్లనో దింపిండు గని, చక్రం కాలు ఇరిగి పొట్ట గీసుకపోయింది. దగ్గరికి పోయి తాడు గుంజితే ఇంజన్ ఒక్క గుంజుకే స్టార్టు! నాకు నోరాగలే. "ఇంజన్ల ఏం దోషం లేదు బావా. నీకే కనవడక ముక్కు ఎక్కువ లేపినవ్."

ఆయన రిమోట్‌ను తువ్వాలల చుట్టి సంచిల పెట్టిండు. ఇంటికాడ విమానాన్ని అటకెక్కిచ్చిండు. ప్రతి ఆదివారం ఎగిరేసెటోడు ఆ ఆదివారం పోలే, వచ్చే ఆదివారం పోలే. అక్క షాపుకొచ్చి నిలవడ్డది. "వసార ఖాళీ అయింది తమ్మీ. మీ బావ గూడ ఖాళీ అయిండు. నీ నోరు పాడుగాను."

నెల తర్వాత అలియాబాద్ అవతల ఒక తోటకు పోయిన. తోటాయన ద్రాక్ష పీకేసి ప్లాట్లు జేస్తుండె, స్ప్రేయర్లు కొనుక్కోమని పిలిచిండు. ఆడ గట్టు మీది చెట్లు నరుకుతున్నరు. చెట్లు కోసేటాయన మిషిన్‌ను నిటారుగ పట్టిండు, అడ్డం తిప్పిండు, తలకిందులు జేసి కొమ్మ కింది నుంచి కోసిండు. చప్పుడు కొంచెం గూడ మారలే. నా చెవి చెప్పింది, నా బుర్ర సిగ్గుపడ్డది. మా స్ప్రేయర్ కార్బరేటర్ల చిన్న గిన్నె, దాంట్ల తేలే బెండు ఉంటది. వంగితే పెట్రోలు పక్కకు జరిగి ఇంజన్ ఉపాసముంటది. మనిషి వీపు మీద నిలవడి నడిచేదానికి గది చాలు. విమానం ముక్కు ఆకాశానికి పెడితే ఎట్ల? "నీ మిషిన్ల గిన్నె లేదా?" అంటే ఆయన విప్పి చూపెట్టిండు. పల్చటి పొర ఉంది, ఎట్ల తిప్పినా గుటక వేస్తనే ఉంటది. ముప్పై ఏండ్లు ఇంజన్లు విప్పినోన్ని, నిటారుగ నిలవడ్డ ఇంజన్లనే చూసిన నేను. రంపం పట్టీ ఇరిగిన పాతదొకటి ఆయన దగ్గర మూలకు పడి ఉంటే, రెండు స్ప్రేయర్లిచ్చి పట్టుకొచ్చిన.

సీదా బావింటికే పోయిన. ఆయన మంచం మీద కూసొని గోడ చూస్తుండు. ఇంజన్ ముంగట పెట్టి, "తప్పు నీ కండ్లది గాదు బావా, నాది," అని గిన్నె సంగతంత చెప్పిన. ఆయన ఇంజన్‌ను చూడలే, నన్నే చూసిండు.

"అంటే ఆ రోజు నాకు మంచిగనే కనవడ్డదా?"

"నీకే తెల్వాలె. కనవడ్డదా?"

"కనవడ్డది బామ్మర్దీ. తోక గూడ కనవడ్డది. నువ్వు లేదంటే నేనే నమ్మలే."

అక్క లోపలి నుంచి, "ఇస్త్రీపెట్టె అటక మీద ఉంది, తీస్కోండ్రి," అన్నది.

చక్రం కాలు అతికి, రంపం ఇంజన్ బిగించి, వానలు పడకముందే మళ్ల శిఖంలకు పోయినం. విమానం ముక్కు ఆకాశానికి పెట్టింది, పక్కకు వొరిగింది, ఒకసారి గాలిలనే తలకిందులైంది గూడ. ఇంజన్ దగ్గలే. నేను నోరు మూసుకొని నిలవడ్డ, ఎటు పోతాందో ఒక్క మాట చెప్పలే. ఆయనే చూసుకున్నడు, ఆయనే దింపిండు. ఆ తర్వాత కండ్లకు ఆపరేషనైంది, అయినంక ఇంకా ఏడేండ్లు ఎగిరేసిండు, చేతులు వణికి ఆయనంతట ఆయనే బంద్ జేసేదాక. మనిషికి బంద్ జేసే రోజు ఎట్లనన్న వస్తది. గా రోజును కాలం చెప్పాలె గని, పక్కన నిలవడ్డోడు చెప్పొద్దు.