నలభై నాలుగో భాగం

పాతికేళ్ళపాటు దేవమ్మకి రోజు ఒకేలా మొదలైంది. నాలుగున్నరకి లేచేది. స్టవ్ వెలిగించి అన్నం వార్చేది. ఐదున్నరకల్లా మూడు గిన్నెల క్యారియరు సర్ది భర్త సైకిలు హ్యాండిలుకి తగిలించేది. బాబూరావు బందరు గిలకలదిండి రేవులో బోటు ఇంజన్ల మెకానిక్కు. పోటు చూసుకుని బోట్లు కదిలేలోగా మొండికేసిన ఇంజను పలకాలి కాబట్టి అతను తెల్లవారకముందే అక్కడ ఉండాలి.

రెండువేల మూడు జూన్‌లో ఒక మధ్యాహ్నం, విప్పిన ఇంజను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ రోజు క్యారియరులో అడుగు గిన్నె తెరవకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఆ తరువాత కూడా నాలుగున్నరకి మెలకువ రావడం మానలేదు. ఎవరికి వండాలి? ఆరునెలలు మంచం మీద కూర్చుని దూలాలు చూసింది. క్రిస్మస్‌కి ఐదు రోజుల ముందు, అటక దులుపుతుంటే పాలిథిన్ సంచిలో కట్టిపెట్టిన వీడియో క్యాసెట్లు దొరికాయి. పదకొండు. ఒక్కోదాని మీద బాబూరావు నీలం ఇంకుతో అంకెలు వేసి ఉంచాడు. ఆ తెల్లవారుజామునే మొదటి క్యాసెట్టు పెట్టింది. రోజుకి ఒక్క భాగం. క్యారియరు సర్దే ఆ గంటలో ఇప్పుడు పరాసుపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో టీవీ తెర మీద జపాన్ వీరుడొకడు గాల్లోకి ఎగురుతున్నాడు.

గుడివాడలో నర్సుగా చేస్తున్న కూతురు షీబా వచ్చి చూసి, చిన్నపిల్లల బొమ్మలు చూస్తావేంటమ్మా, ఈ వీసీఆర్ ఇప్పుడెవరూ వాడట్లేదు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం అంది. దేవమ్మ ఔననలేదు, కాదనలేదు. ఆమె అలాంటి మనిషే. ఘంటసాల దగ్గర పల్లెలో ఐదో తరగతితో బడి మానేసిన దగ్గర్నుంచీ ఎదురుచెప్పడం అలవాటు లేదు. చెప్పాల్సిన మాట కూడా గొంతులోనే ఉంచుకోవడం బాగా అలవాటు.

చెప్పకుండా ఉంచుకున్న మాటల్లో ఒకటి ఈ క్యాసెట్లదే.

తొంభై అయిదులో టీవీలో పిల్లల సీరియల్ ఒకటి మొదలైంది. పేరు లోహవీర్. జపాన్‌లో తీసింది, హిందీలో మాట్లాడేది. ఆదివారం పొద్దున పది గంటలకి వచ్చేది. ఎర్ర శిరస్త్రాణం పెట్టుకున్న కుర్రవాడు చేతులు అడ్డంగా కట్టి అరిస్తే ఒంటినిండా ఇనుప కవచం వచ్చేది. సముద్రం అడుగునుంచి లేచొచ్చే భూతాలతో పోట్లాడేవాడు. వీధిలో పిల్లలందరికీ పిచ్చి. పిల్లల్ని మించిన పిచ్చి బాబూరావుకి. నలభై దగ్గర పడిన మనిషి, చర్చిలో హార్మోనియం వాయించే పెద్దమనిషి, ఆ బొమ్మల కోసం చెవి కోసుకునేవాడు.

చిక్కల్లా ఆదివారం పది గంటలే. తొమ్మిదిన్నరకి ఆరాధన మొదలు. హార్మోనియం దగ్గర బాబూరావు లేకపోతే పాట లేవదు. అందుకని కువైట్ నుంచి వచ్చిన బంధువు దగ్గర పాత వీసీఆర్ తీసుకున్నాడు. రికార్డు చేయడానికి పది కొట్టగానే రెండు బటన్లు కలిపి నొక్కడం, ప్రకటన వస్తే ఆపడం, మళ్ళీ నొక్కడం, పదిన్నరకి తీసేయడం ఆమెకి నేర్పాడు. ఆ పని ముగించుకుని దేవమ్మ చర్చికి చేరేసరికి ప్రసంగం సగానికి వచ్చేది.

మామూలు ఆదివారాలు ఎలాగో గడిచిపోయేవి. నెలలో మొదటి ఆదివారమే నరకం. ఆ రోజు ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకునే రోజు. పాపాలు ఒప్పుకునే ప్రార్థన ఆరాధన మొదట్లోనే అయిపోతుంది. అది చెప్పకుండా బల్ల దగ్గరికి వెళ్ళకూడదని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాట దేవమ్మకి శాసనం. అందరూ వరసగా లేచి వెళ్తుంటే తను ఒక్కతే చాప మీద తలొంచుకుని కూర్చునేది. తొమ్మిది నెలలు అలా కూర్చుంది. ఒకసారి సంఘపెద్ద భార్య నలుగురిలో నవ్వుతూ, "మా హార్మోనియం మాస్టారి భార్యకి ఆదివారం పదకొండింటికి గానీ తెల్లారదు," అంది. అందరూ నవ్వారు. దేవమ్మా నవ్వింది.

భర్తకి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఆదివారం సాయంత్రం అతను క్యాసెట్టు పెట్టుకుని, ఒక్క ముక్క హిందీ రాకపోయినా కథ మొత్తం తనే తెలుగులో చెప్పేవాడు. "చూడు దేవమ్మా, వాడి బండి సౌండు విను. మన సింగిల్ సిలిండరే. జపాన్ వాడైనా బందరు ఇంజనే." ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఊఁ కొట్టేది. తల ఎత్తేది కాదు.

తొంభై ఆరు ఫిబ్రవరి నాలుగున ఆఖరి భాగం. అదే మొదటి ఆదివారం కూడా. శనివారం రాత్రి బాబూరావు కొత్త చోటుకి టేపు తిప్పి సిద్ధం చేసి, రేపు జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పినప్పుడు దేవమ్మకి ఎక్కడో కాలింది. పొద్దున అతను వెళ్ళిన పావుగంటకి తెల్లచీర కట్టుకుని, ఇంటికి తాళం వేసి, తొమ్మిదిన్నరకి ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుంది. అందరితో కలిసి గొంతెత్తి పాపాలు ఒప్పుకుంది. బల్ల పుచ్చుకుంది.

ఇంటికొచ్చే దారిలో అతను అడిగాడు. ఆమె ముందే ఆలోచించి పెట్టుకున్నది చెప్పింది.

"తొమ్మిదింటికే కరెంటు పోయిందండీ. ఎప్పుడొస్తుందో తెలీక వచ్చేశాను."

అతను రెండడుగులు వేసి, "పోన్లే," అన్నాడు.

అంతే. బందరులో కరెంటు పోవడం వింతా? కానీ నోట్లో ప్రభువు రొట్టె రుచి ఇంకా పోకముందే అబద్ధం ఆడానన్నది దేవమ్మని ఆ రోజు అన్నం తిననివ్వలేదు. ఆ తరువాత ప్రతి నెలా బల్ల పుచ్చుకుంటూనే ఉంది. ప్రతి నెలా అదే ముల్లు. అతనేమో ఆ క్యాసెట్లు తీరిక దొరికినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ వేసుకునేవాడు. నలభై మూడో భాగం అయిపోగానే ఏమీ అనకుండా మొదటిది పెట్టేవాడు. ఒక్క నిట్టూర్పు విడిచినా ఆమెకి కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు తెల్లవారుజామున ఒంటరిగా చూస్తుంటే, అప్పుడు చెవిన పడి జారిపోయిన మాటలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. ఫలానా భూతం దగ్గర అతను ఏమన్నాడు, ఎక్కడ నవ్వాడు. బియ్యం మీదనుంచి తల ఎత్తి ఉంటే అతని ముఖం ఎలా ఉండేదో మాత్రం గుర్తు రావట్లేదు. చూస్తేగా.

జనవరి ఆఖరి రోజున, శనివారం, నలభై మూడో భాగం వచ్చింది.

అందులో భూతాలన్నీ ఓడిపోయి, వాటి రాజు ఒక్కడే మిగులుతాడు. వాడు సముద్రాన్ని లేపుతాడు. తాటిచెట్లంత ఎత్తున అల లేచి ఊరి మీదికి కదులుతుంది. ఒడ్డున గుడిసెలు. పరుగెత్తే ఆడవాళ్ళు. ఒక ముసలామె ఇద్దరు ఆడపిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని అలని చూస్తూ కదలకుండా నిలబడిపోతుంది. ఎర్ర శిరస్త్రాణం వాడు పగిలిన కవచంతో అలకి ఎదురు వెళ్తాడు. అక్కడ ఆగిపోయింది. ఆ తరువాత తెరంతా తెల్లచుక్కలు, బుస్సుమనే చప్పుడు.

దేవమ్మ రిమోటు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

బాబూరావుది దివిసీమలో నాగాయలంక అవతల పల్లె. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చిన రాత్రి అతను బందరు షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు కాబట్టి మిగిలాడు. తల్లీ, ఇద్దరు చెల్లెళ్ళూ మిగల్లేదు. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి పెద్దవాళ్ళు చెప్పారు. అతను మాత్రం పాతికేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు. ఆమె అడగలేదు. ఆ మనిషి తొమ్మిది నెలలు ఆదివారం ఆదివారం కాచుకున్నది దేనికోసమో, ఆ అల ఆగిందా లేదా చూడ్డానికని, ఆమెకి ఇవాళ తెలిసింది. చూడనివ్వకుండా తాళం వేసుకుపోయింది తనే.

ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి పక్కింటి ఝాన్సీలక్ష్మి వచ్చింది. గోడకి అవతల ఇల్లు. భర్త రైల్వేలో చేసినన్నాళ్ళు ఖరగ్‌పూర్‌లో ఉండి వచ్చిన మనిషి, హిందీ దంచేస్తుంది. బాబూరావుని అన్నయ్యా అనేది. దేవమ్మ నేల మీద దుప్పటి మడిచి వేసి ఇస్త్రీకి కూర్చుని ఉంది. మర్నాడు మొదటి ఆదివారం. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసే వంతు ఈ నెల ఆమెది. గంజి పెట్టి ఆరేసి, నీళ్ళు చిలకరించి చుట్టిన గుడ్డ పక్కన ఉంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతోంది.

ఝాన్సీలక్ష్మి ఆమె కళ్ళు చూసి, ఏం వదినా, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఎనిమిదేళ్ళు ఎవరికీ చెప్పనిది దేవమ్మ నోట్లోంచి అలా వచ్చేసింది. చర్చికి వెళ్ళడం, తాళం వేయడం, కరెంటు పోయిందనడం అన్నీ చెప్పింది. ఆయన నా మాట నమ్ముకునే పోయాడు అంది.

ఝాన్సీలక్ష్మి గడప మీద కూర్చుని చీర కొంగు సర్దుకుంది.

"అన్నయ్యకి తెలుసొదినా."

"ఏం తెలుసు?"

"ఆ రోజే తెలుసు. మీరు వంటింట్లో ఉన్నారు. మా అరుగు మీదకొచ్చి కూర్చుని, ఝాన్సమ్మా, మా ఇంట్లో కరెంటు పోయిందట, ఆఖరి భాగం చూశావా, కథ చెప్పు అన్నాడు. మీకూ మాకూ ఒకే స్తంభం కదన్నయ్యా, మాకెక్కడ పోయిందీ అన్నాను నేను. తింగరిదాన్ని, నోరు ఆగుతుందా? అన్నయ్య నవ్వాడు. ఒక్కో ఇంటికి ఒక్కోలా పోతుందమ్మా అన్నాడు."

దేవమ్మ ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి వేయబోయి ఆగింది.

"మీకు చెప్పొద్దన్నాడు. పొద్దున్న పాటకి తలెత్తితే మా ఆవిడ ముందు వరసలో కనబడింది, హార్మోనియం మీద వేలు తప్పింది అన్నాడు. తొమ్మిది నెలలు దాన్ని బల్లకి దూరం చేశాను, నాకసలు తట్టనే లేదు అన్నాడు. మగాడు అలా ఒప్పుకోగా నేను వినడం అదే మొదటిసారి."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"మీరెందుకు అనలేదు?"

తెలిసీ బాబూరావు ఏడేళ్ళకి పైగా ఆమె వండింది తిన్నాడు. తెలిసీ నలభై మూడు దగ్గర ఆపి మొదటిది పెట్టుకున్నాడు. తను దాచానని బాధపడుతుంటే ఆయన అది చూస్తూ తనది దాచుకున్నాడు. అబద్ధం ఆడినందుకు తిడితే ఇద్దరికీ ఆ పూటే తీరిపోయేది. నమ్మి పోయాడనుకున్న బాధకంటే, తెలిసి ఊరుకున్నాడన్నది ఎక్కువ బరువుగా ఉంది.

దేవమ్మ అడిగింది. "నువ్వు కథ చెప్పావా ఆయనకి?"

"చెప్పాను. ఆ పోట్లాట అవీ ఏమీ అడగలేదు. అంతా అయ్యాక, ఊళ్ళో ఎంతమంది బతికారమ్మా అన్నాడు. అందరూ అన్నయ్యా అన్నాను. అందరూనా అన్నాడు. అందరూ, అలని వెనక్కి తోసేశాడు అన్నాను. ఆ ముసలామె? అన్నాడు. ఆమె కూడా, ఇద్దరు పిల్లలూ కూడా అన్నాను. చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. చిన్నపిల్లల కథకి ఇంతలా ఏంటా అనుకున్నాను వదినా. నాకప్పుడు దివిసీమ సంగతి తెలీదు."

దేవమ్మ లేచి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది. తిరిగొచ్చి ఝాన్సీలక్ష్మికి ఎదురుగా, గోడకి ఆనుకుని కూర్చుంది. చేతులు రెండూ ఖాళీగా ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు. ఆయనకి చెప్పినట్టే చెప్పు. మొదటినుంచీ."

ఝాన్సీలక్ష్మి గుడ్డ చుట్ట వైపు చూసింది. "తడి ఆరిపోతే ఇక ముడతలు పోవొదినా. రేపు పొద్దున్నే బల్ల మీద పరచాలి కదా. అది కానీండి, తరువాత చెప్తాను."

"రేపు ముడతలతోనే పరుచుకుంటారు," అంది దేవమ్మ. "అల లేచిన దగ్గర్నుంచి చెప్పు."