తెర మూలన అంకె

మా పక్కింటి కంప్యూటర్ అయ్యోరు పోయినారు. ఆత్మకూరులో చానామందికి కబురు తెలిసే ఉంటాది, మీ పిల్లకాయలకి చదువు చెప్పిన మనిషే. శుక్రవారం పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నాయన కూచున్నట్టే పోయినారు. గుండె అన్నారు. సమాధుల తోట దాకా నడవలేక నేను ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాను.

మా చెల్లెలు ఉదయగిరిలో పక్షవాతంతో మంచాన ఉండాది. దాని కోడలు పగలంతా కూలికి పోతాది. నేనా, బస్సెక్కలేను. నా బెంగ చూడలేక అయ్యోరు ఆ మంచం ఎదురుగా కెమెరా పెట్టించి, తన పాత కంప్యూటర్ మా ఇంట్లో పెట్టినారు. చెల్లెలు కనపడింది. కానీ ఆ బొమ్మ మాటిమాటికీ నిలబడిపోయేది. దుప్పటి కదలకపోతే నాకు పైప్రాణాలు పైనే పోయేవి.

"అయ్యోరా, మా చెల్లెలు పోయింది!" అని ఒకనాడు గోడ పట్టుకోని అరిచినాను. సబ్బు నురగ మొహంతోనే పరిగెత్తుకొచ్చినారు. చూసి, "బొమ్మ ఆగిందవ్వా. నువ్వే చంపేట్టుండావే ఆమెని" అన్నారు.

ఆ సాయంత్రం కూచోని ఏందో కోడ్ రాసినారు. సెకనుకి ఇన్నని ఫొటోలు వరసగా వస్తేనే మనిషి కదిలినట్టు కనపడతాదంట. ఎన్ని వస్తన్నాయో తెర మూలన అంకె పడేట్టు చేసినారు. ముప్పై అని పడింది. బొమ్మ నిలబడినా ముప్పయ్యే! అయ్యోరు తల గోక్కోని నవ్వినారు.

"ముప్పై పంపిస్తన్నానని కెమెరా తన గొప్ప చెప్పుకుంటా ఉండాదవ్వా. దాన్ని అడగకూడదు. మన దగ్గరికి వచ్చినవి మనమే లెక్కపెట్టాల."

మళ్లీ రాసినారు. అప్పుడు నిజం బయటపడింది. పన్నెండు, తొమ్మిది, ఒక్కోసారి సున్నా. "అంకె తగ్గితే నెట్ లైను బాగలేదని. అంకె బాగుండి ఆమె కదలకపోతే అప్పుడు పిలువు నన్ను" అన్నారు.

పిలవకుండా ఉన్నానా? "అయ్యోరా, రెండుకి పడింది!" అంటే గోడ అవతలినించి, "లైనవ్వా, లైను! పోయి అన్నం తిను" అనేవారు. ఆ మాట వింటేనే నాకు ముద్ద దిగేది.

ఆ శుక్రవారం కూడా తెర ముందరే ఉండాను. అంకె బాగుండాది, చెల్లెలు బాగుండాది. నా బెంగంతా ఉదయగిరి మీదనే. గోడ అవతల ఆయన ఎప్పుడు ఆగిపోయినారో నాకు తెలియనే లేదు.

నిన్న మధ్యాన్నం మళ్లీ సున్నా పడింది. "అయ్యోరా!" అని నోరు దానంతటదే అరిచింది. ఎవరూ పలకలా. అట్నే తెర ముందర కూచున్నాను. కాసేపటికి అంకె మూడైంది, ఏడైంది. చెల్లెలు పనిచేసే చెయ్యి ఎత్తి, మొహం మీది ఈగని తోలుకునింది.